ముంచిన కొండే కూడు పెడుతోంది!

కరీబియన్ సముద్రంలో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న బుల్లి దీవి మాంట్‌సెరాట్. 1995లో అక్కడి సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం నిద్రలేచింది. రెండేళ్లు తిరిగేసరికి రాజధాని ప్లిమత్ బూడిదలో కూరుకుపోయింది. దుకాణాలు, బ్యాంకులు, విమానాశ్రయం... ఏవీ మిగల్లేదు. సుమారు 12 వేల జనాభాలో మూడింట రెండొంతుల మంది వలసపోయారు. ఇప్పుడున్నది ఐదువేల లోపే!

కొనేవాళ్లే కరవైతే కొట్టు తెరిచి ఏం లాభం? అమ్మే సరుకూ చాలావరకు ఓడలో రావాల్సిందే. సర్కారు నడిచేది ఎక్కువగా బ్రిటన్ సాయంతోనే.

అలాగని ఉన్నవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొండ కక్కిన బూడిద, రాళ్లు వాగుల్లో ఇసుకగా మేటవేశాయి. ఇళ్ల నిర్మాణానికి పనికొచ్చే ఆ ఇసుకను తవ్వి పక్క దీవులకు అమ్మడం మొదలుపెట్టారు. మనుషుల్లేని ప్లిమత్ మీదుగా ఇసుక లారీలు అక్కడి రేవుకు వెళ్తుంటాయి. పూడిపోయిన ఆ ఊరిని చూడ్డానికి వచ్చే పర్యటకులతో గైడ్లకూ నాలుగు డబ్బులు దొరుకుతున్నాయి.

అయితే కొండ ఇంకా పూర్తిగా చల్లారలేదు. శాస్త్రవేత్తలు రాత్రింబవళ్లూ దాన్ని కనిపెట్టుకునే ఉంటున్నారు. వాళ్లు ప్రమాదమని చెప్పిన రోజున ప్లిమత్ దారి మూసేస్తారు. లారీలు ఎక్కడివక్కడ ఆగాల్సిందే. బేరం ఎంత బాగున్నా సరే!