కాలువ పారితే డీజిల్ ఎందుకు?

ఇంధనం ఎంత కరువైనా టెక్నాలజీ గట్టెక్కిస్తుందన్న ధీమా ఇప్పుడు చాలామందిలో కనబడుతోంది. అందులో నిజం లేకపోలేదు. 2014లో 300 రూపాయలు దాటిన ఎల్ఈడీ బల్బు, ప్రభుత్వం టోకున కొనడం మొదలుపెట్టాక మూడేళ్లలోపే టోకు ధరలో 40 రూపాయల లోపుకు దిగింది. అయితే ఆ ధీమా నిలుస్తుందో లేదో తేలాల్సింది పిట్టలవానిపాలెం లాంటి చోట్ల, కృష్ణా పశ్చిమ డెల్టా శివారు మాగాణుల్లో.

ఇక్కడి సాగు పుట్టిందే చుక్క నూనె అక్కర్లేని టెక్నాలజీ మీద. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నదిని కొంత ఎత్తున నిలిపి పల్లానికి వదిలితే, నీరు తన బరువుతో తానే దుగ్గిరాల లాకులు దాటి సముద్రం వైపు సాగుతుంది. ఇంధనం ఆదా చేయడంలో దీన్ని మించిన ఏర్పాటు ఈ గడ్డ మీద ఇంతవరకూ రాలేదు.

మరి శివారు రైతు గట్ల మీద ఆయిల్ ఇంజన్ ఎందుకు మోస్తున్నాడు? పూడిక పేరుకుని, గుర్రపుడెక్క అల్లుకుని, పై ఊళ్ల తూములు ఎక్కువ లాగేస్తే చివరి బోదెకు నీరెక్కదు. అప్పుడు కాలువలోంచో, మురుగు కాలువలోంచో తోడుకోవాలి. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజన్ అందులో పావు వంతును, మహా అయితే మూడో వంతును పనిలోకి తెస్తుంది. మిగిలింది వేడిగా, పొగగా పోతుంది. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి తెచ్చుకుంటున్నదే. కాలువ బాగు చేయని లోటును విదేశీ చమురుతో పూడుస్తున్నామన్నమాట. ఆ బిల్లు కట్టేది మాత్రం రైతే.

కాలువ నీరు కూడా ఇప్పుడు పూర్తిగా పల్లానికి పారి వచ్చేది కాదు. పట్టిసీమలో 24 పంపులు 8,500 క్యూసెక్కుల గోదావరి నీటిని కరెంటుతో ఎత్తి ఈ డెల్టాకు మళ్లించేలా కట్టారు. అంత ఖర్చుతో ఎత్తిన నీరు శివారుకు చేరక, రెండోసారి డీజిల్‌తో ఎత్తుకోవలసి రావడం అన్యాయం.

సౌర పంపు ఉందిగా అంటారు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం మెట్ట బోర్లకు బాగానే నప్పుతుంది. కానీ డెల్టాలో నీరు తోడాల్సింది ఏడాదిలో కొన్ని వారాలే. గ్రిడ్‌కు కలపకపోతే మిగతా నెలలన్నీ పలకలు ఎండకు ఊరికే ఉంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు కౌలు. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి, పాతికేళ్లు పనిచేసే పలకల్ని పరాయి పొలంలో ఎలా పాతుకుంటాడు? ఇంజన్ అయితే మరో గట్టుకు తీసుకుపోవచ్చు.

పొదుపు చేసే యంత్రం వస్తే వాడకం తగ్గుతుందన్నదీ నమ్మలేం. ఆవిరి యంత్రం మెరుగుపడిన కొద్దీ బొగ్గు వాడకం పెరిగిందని 1865లోనే జెవాన్స్ అనే ఇంగ్లిష్ ఆర్థికవేత్త చూపించాడు. నిజాంపట్నం, రేపల్లె వైపు రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్లు వచ్చాక రొయ్య పిల్లను ఒత్తుగా వదలడం సాధ్యమైంది. దాంతో కరెంటు అవసరమూ, అది పోయినప్పుడు జనరేటర్ డీజిలూ పెరిగాయి.

రైతులు తమ వంతు చేశారు. వరి కోసిన మడిలో దున్నకుండానే మొక్కజొన్న గింజ గుచ్చుతున్నారు, దుక్కి ఖర్చు తప్పింది. వరిని నేరుగా వెదబెట్టిన చోట దమ్ము ఖర్చూ తప్పింది. కానీ మొక్కజొన్నకు తడులు కావాలి. కాలువ అందకపోతే దుక్కిలో మిగిలిన డీజిల్ మళ్లీ ఇంజన్‌కే పోతుంది.

అందుకే వేసవిలో కాలువలు కట్టేసిన వారాల్లోనే శివారు బోదెల దాకా పూడిక తీయాలి, పాడైన తూము తలుపులు మార్చాలి. ఆ ఖర్చును నీటిపారుదల పద్దులోనే కాక ఇంధన పొదుపు పద్దులోనూ చేర్చి నిధులివ్వాలి. సౌర రాయితీ ఇచ్చేటట్లయితే బండి మీద ఒక గట్టు నుంచి మరో గట్టుకు వెళ్లే పంపుకు ఇవ్వాలి, అదీ సాగు చేస్తున్న కౌలు రైతు పేరునే.