హాస్టలుకు పొరుగువారు

వీధి చివర ఖాళీ స్థలంలో ఒకనాడు ఇటుకలు, ఇసుక దిగుతాయి. రెండు రోజులలో ‘విద్యార్థుల హాస్టలు కడతారట’ అన్న మాట ఇంటింటికీ పాకుతుంది. ఆ సాయంత్రం నలుగురు పెద్దలు ఒకరి ఇంటి అరుగుమీద చేరుతారు. బోరులో నీళ్లు చాలవని ఒకరు, మురుగుకాలువ ఇప్పటికే పొంగుతున్నదని మరొకరు, అర్ధరాత్రి మోటారు సైకిళ్ల మోత భరించలేమని ఇంకొకరు అంటారు. చివరకు ఒకరు గొంతు తగ్గించి, ‘ఎక్కడెక్కడి పిల్లలో, ఎవరి పిల్లలో!’ అంటారు. హైదరాబాదులో ఉద్యోగ పరీక్షలకు చదివేవారితో నిండిన అశోక్ నగర్‌లోను, కంప్యూటరు కోర్సులకు పేరుపడిన అమీర్‌పేటలోను ఈ సంభాషణ వినని సందు బహుశా ఉండదు.

మొదటి మూడు మాటలూ న్యాయమైనవే. నీటి తొట్టి, మురుగుకాలువ, రాత్రి వేళల నియమం వంటి ఏర్పాట్లతో అవి తీరుతాయి. నాలుగవది మాత్రం ఏ మేస్త్రీ తీర్చగలిగినది కాదు.

అమెరికాలో ఇటువంటి తగాదా ఒక రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పట్టణంలోని పీపుల్స్ పార్కులో వేయిమందికి పైగా విద్యార్థులకు నివాసాలు కట్టదలచింది. 1969లో పెద్ద ఆందోళనకు వేదిక అయిన స్థలం అది. పొరుగున ఉన్న పౌరసంఘాలు కోర్టుకెక్కాయి. విద్యార్థులు చేయగల సందడిని కూడా పర్యావరణ ప్రభావంగా ముందే పరిశీలించవలసి ఉండెనని 2023 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. నివాసగృహాలలో ఉండబోయేవారి శబ్దాన్ని ఆ విధంగా లెక్కించరాదని అదే సంవత్సరం సెప్టెంబరులో రాష్ట్రం చట్టం చేసింది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయం పక్షాన నిలిచింది.

మన సందులోనైనా, బర్క్‌లీలోనైనా వాదమంతా పిల్లల వలన పొరుగువారికి కలిగే ఇబ్బందిని గురించే. కాని ఇంకొక విధమైన ఆందోళన ఉన్నది. అది, ఆ భవనంలో ఉండబోయే పిల్లలకు ఏమవుతుందోనన్న ఆందోళన. దానిని అర్థం చేసుకోవాలంటే తెలుగునాడు సరిహద్దు దాటి కొంత దూరం పోవాలి.

భద్రాచలం నుండి శబరి తీరాన ఉన్న కుంట మీదుగా ఉత్తరానికి సాగితే దోర్నపాల్ వస్తుంది. అక్కడ పెద్ద రోడ్డు విడిచి, అడవిలో జగర్‌గుండకు పోయే దారి పట్టితే చింతలనార్ తగులుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతంలో, సుక్మా జిల్లాలో ఉన్న ఊరు ఇది. ‘నార్’ అంటే గోండి భాషలో ఊరు. తెలుగు చెవికి అది చింతచెట్ల ఊరుగా వినిపిస్తుంది. ఆ చుట్టుపక్కల కోయలు, దోర్లలు నివసిస్తారు. దోర్లల మాటలో తెలుగు పలుకులు విస్తారంగా కలిసి ఉంటాయి.

దేశంలో చాలామందికి ఈ ఊరి పేరు 2010 ఏప్రిల్ 6న తెలిసింది. చింతలనార్ శిబిరానికి చెందిన కేంద్ర రిజర్వు పోలీసు దళంపై ఆనాడు తాడిమెట్ల వద్ద మావోయిస్టులు జరిపిన దాడిలో 76 మంది మరణించారు. అంతకు అయిదేళ్ల ముందే, 2005లో సల్వా జుడుం మొదలైన నాటినుండి, ఆ దారి పొడవునా జనజీవితం చెదిరిపోయింది. కొందరు రోడ్డు పక్కన శిబిరాలకు చేరారు. వేలమంది అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చారు.

ఈ కల్లోలంలో బడి భవనమే శత్రువుల చిరునామాగా మారింది. పక్కా గోడలూ, పైకప్పూ ఉన్న కట్టడం ఊరిలో అదొక్కటే కావడం వలన భద్రతా దళాలు కొన్నిచోట్ల అందులో మకాం వేశాయి. పోలీసులకు ఆశ్రయం కాగలదన్న పేరుతో మావోయిస్టులు ఎన్నో బడులను కూలగొట్టారు. బడులను, వసతిగృహాలను భద్రతా దళాలు ఖాళీ చేయాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఇటువంటి చోట హాస్టలు కడతామంటే ఊరివారి మొదటి ప్రశ్న నీటిని గురించి గాని, సందడిని గురించి గాని ఉంటుందా? ‘రేపు ఈ గోడల వెనుక తుపాకి పట్టిన మనిషి నిలబడడు కదా’ అన్నదే వారి మొదటి ప్రశ్న అవుతుంది.

కూలిన బడులకు బదులుగా సుక్మా, బీజాపూరు, దంతెవాడ జిల్లాలలో వెదురు, ప్లైవుడు వంటి తేలిక సామగ్రితో ఆశ్రమ పాఠశాలలు వెలిశాయి. వాటికి ‘పోర్టా క్యాబిన్లు’ అని పేరు. కొన్నింటిలో 500 మంది వరకు పిల్లలు ఉండి చదువుకునే ఏర్పాటు ఉన్నది. అవి లేకపోతే ఎందరో పిల్లలు అక్షరం ముఖం చూసి ఉండేవారు కారు. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. అయితే ఊరి బడి పోయి దూరాన హాస్టలు వచ్చినప్పుడు, ఏడెనిమిదేళ్ల బిడ్డ తల్లికి దూరమైంది. ఇంటి భాష రాని పెద్దల మధ్య ఆ బిడ్డ తన జ్వరాన్ని, భయాన్ని ఎవరికి చెప్పుకోవాలి?

ఈ భయాలు ఉత్తవి కావని రెండు దుర్ఘటనలు తెలిపాయి. 2013 జనవరిలో కాంకేరు జిల్లా ఝలియామారి ఆశ్రమశాలలో చిన్న బాలికలపై అత్యాచారాలు జరిగినట్లు బయటపడింది. ఉపాధ్యాయుడూ, కావలివాడూ అరెస్టు అయ్యారు. కాపలా కాయవలసినవారే అపచారం చేసినప్పుడు పిల్లల గోడు గోడ దాటి రావడం ఎంత కష్టమో ఆ ఉదంతం చూపింది. 2024 మార్చిలో బీజాపూరు జిల్లా ఆవాపల్లి సమీపాన చింతకొంటలోని బాలికల పోర్టా క్యాబినులో రాత్రివేళ మంటలు లేచాయి. నాలుగేళ్ల పసిపాప ఆ మంటలలో ప్రాణం విడిచింది. వెదురు గోడకు నిప్పంటుకుంటే క్షణాల లెక్క. అడవి దారిలో అగ్నిమాపక వాహనం రావడానికి పట్టే కాలం వేరు.

ఇటువంటి వేళ ముందుగా చేరగలిగేది పొరుగువారే. మన దేశంలో హాస్టళ్ల చరిత్ర చూసినా ఈ సత్యమే కనిపిస్తుంది. కొల్హాపూరులో సాహూ మహారాజు 1901 నుండి వెనుకబడిన వర్గాల విద్యార్థులకు వసతిగృహాలను ప్రోత్సహించాడు. హైదరాబాదులో 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టలు వెలసింది. ఇటువంటి సంస్థల వెనుక ‘వీరు మా పిల్లలు’ అనుకున్న ఒక సమాజం ఉన్నది. చందా ఇచ్చినవాడు, వచ్చి పలకరించినవాడు, తప్పు జరిగితే నిలదీసినవాడు అందరూ ఆ సమాజంలోని వారే. ప్రభుత్వం ఇటుకలూ జీతాలూ ఇవ్వగలదు. ఈ మమకారాన్ని మాత్రం మంజూరు చేయలేదు.

దానికి చోటు కల్పించే చట్టం మాత్రం ఉన్నది. చింతలనార్ రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు ప్రాంతంలోనిది. 1996లో పార్లమెంటు చేసిన పంచాయతీల విస్తరణ చట్టం అటువంటి ఊళ్లలో అభివృద్ధి పథకాలకు గ్రామసభ ఆమోదం కావాలన్నది. దాని అమలుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022లో నియమాలు చేసింది. కనుక అక్కడ ఒక విద్యార్థి వసతిగృహం తలపెట్టినప్పుడు గ్రామసభను అడగడం మర్యాద కోసం చేసే తంతు కారాదు. శిబిరానికి ఎంత దూరాన కట్టాలి, ఎన్ని తలుపులు ఉండాలి, వంట చేసేవారూ, రాత్రి పిల్లల వద్ద పడుకునేవారూ వారి భాష తెలిసినవారేనా, తల్లులు ఏ రోజైనా వచ్చి చూడవచ్చునా, చిన్న తరగతులకైనా ఊరిలోనే బడి ఉండరాదా? ఇవి ఇంజనీరు వద్ద జవాబు లేని ప్రశ్నలు. తల్లుల వద్ద ఉన్నది.

ఆశకు తావు లేకపోలేదు. అదే దారి చివరనున్న జగర్‌గుండలో 13 ఏళ్లుగా మూతబడిన బడి 2019 జూన్‌లో తిరిగి తెరచుకున్నది. బడి ఊరికి తిరిగి వస్తే, దాని మంచిచెడ్డలు అరసే కళ్లు ఊరిలోనే ఉంటాయి.

ఇక మన వీధి అరుగుమీదికి తిరిగి వద్దాం. నీళ్లు, మురుగు, రాత్రి మోతలను గురించి అడగవలసినదే. వాటితోపాటు మరి రెండు ప్రశ్నలు చేర్చితే ఆ సమావేశం సార్థకమవుతుంది. ఈ భవనంలో మంట లేస్తే పిల్లలు ఏ మెట్ల మీదుగా దిగుతారు? వారిలో ఒకరికి అర్ధరాత్రి జబ్బు చేస్తే మనలో ఎవరి తలుపు తట్టాలి? ఎక్కడెక్కడి పిల్లలో అని గొంతు తగ్గించిన పెద్దమనిషి కుమారుడు కూడా ఈపాటికి ఏదో ఊరిలో, ఎవరి పక్కింటి హాస్టలులోనో పడుకొని ఉంటాడు. ఆ ఇంటివారు తలుపు తీస్తారన్న నమ్మకంతోనే కదా ఆయన రాత్రి నిశ్చింతగా నిద్రపోతున్నాడు!