రెండు వారాలంటే అంత లోకువా?

"ఎలాగూ వచ్చేదే కదా, ఆపి ఏం లాభం?" ఫ్లూ మహమ్మారి ప్రస్తావన వస్తే చాలు, బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాట అంటారు. దీనికి తోడు ఇంకోటి: "మోడళ్ళు గీసినవాళ్ళు అంతమంది పోతారన్నారు, పోలేదుగా! అంతా జాతకాల యవ్వారం." మొదటిది వేదాంతంలా వినిపిస్తుంది, రెండోది హేతువాదంలా. నా లెక్కలో రెండూ ఒకే బద్ధకానికి పుట్టిన కవలలు. వాక్యాన్ని పూర్తిగా చదవని బద్ధకం అది.

మోడల్ చెప్పే ప్రతి వాక్యంలో ఒక 'తే' ఉంటుంది. ఏమీ చేయకపోతే ఇలా, బడులు మూస్తే ఇలా, పది రోజులు ఆలస్యమైతే ఇలా. ఆ 'తే'ని కొట్టేసి మిగతాది చదివితే అది జాతకంలాగే కనిపిస్తుంది మరి. గొడుగు వేసుకుని ఇంటికొచ్చి, నేను తడవలేదు కాబట్టి వాన అబద్ధం అన్నాడట వెనకటికొకడు. సాహిత్యం చదివేవాళ్ళం, ఒక్క ప్రత్యయం మారితే అర్థం ఎంత మారుతుందో మనకి వేరే చెప్పాలా?

సరే, 'ఆలస్యమైతే' ఏమవుతుందో చూద్దాం. 1918లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సెప్టెంబర్ 17న మామూలు పౌరుల్లో తొలి ఫ్లూ కేసులు బయటపడ్డాయి. అయినా 28న యుద్ధ బాండ్ల కోసం ఊరేగింపు తీశారు. సుమారు రెండు లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. బడులు, థియేటర్లు, చర్చిలు మూసింది అక్టోబర్ 3న. సెయింట్ లూయిస్‌లో తొలి కేసులు అక్టోబర్ 5న తేలితే, 7వ తేదీకే మూసివేతలు మొదలయ్యాయి. 2007లో హాచెట్, మెకర్, లిప్సిచ్ ఈ నగరాల లెక్కలు తీశారు. ఫ్లూ, న్యుమోనియాల వల్ల మామూలు కన్నా అదనంగా జరిగిన మరణాలు, అత్యంత ఘోరమైన వారంలో, లక్ష జనాభాకి ఫిలడెల్ఫియాలో 257. సెయింట్ లూయిస్‌లో, ఆంక్షలు అమల్లో ఉన్నంతకాలం, 31. రెండు ఊళ్ళ స్పందనకీ తేడా సుమారు పద్నాలుగు రోజులు. ఫ్లూ ఆ వ్యవధిలో మూడు నుంచి ఐదుసార్లు రెట్టింపవుతుంది. అంటే ఒకరు ఎనిమిది మందితోనో, ముప్ఫై రెండు మందితోనో మొదలుపెట్టిన పోరాటాన్ని ఇంకొకరు ఒక్కరితో మొదలుపెట్టారు.

"కానీ సెయింట్ లూయిస్‌లో ఆంక్షలు ఎత్తేశాక జబ్బు మళ్ళీ పెరిగిందిగా?" పెరిగింది. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ చివరి దాకా మొత్తం లెక్కేసినా అక్కడ లక్షకి 347, ఫిలడెల్ఫియాలో 719. వాయిదా వృథా అనేవాళ్ళు ఈ రెండో లెక్క దాకా రారు.

ఇప్పుడు రెండో పక్షం సంగతి. విమానాశ్రయంలో జ్వరం చూసే యంత్రం పెట్టి, టీవీలో చూపించి, పని అయిపోయిందనుకునే పక్షం. ఫెర్గూసన్ బృందం 2006లో నేచర్‌లో వేసిన మోడల్ వీళ్ళకీ చేదే. రాకపోకల్ని 99 శాతానికి మించి ఆపితే తప్ప, రెండు మూడు వారాలకి మించి జాప్యం దొరకదంది. ఎందుకో కాగితం మీదే చూడొచ్చు. వైరస్‌తో వంద మంది రావాల్సినచోట తొంభై మందిని ఆపామనుకుందాం. మిగిలిన పది మంది, కేసులు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంటే, వందకి చేరడానికి పది రోజులు. తొంభై తొమ్మిది మందిని ఆపినా ఇరవై రోజులే. జ్వరం ఇంకా రాని ప్రయాణికుడు యంత్రం ముందు నుంచి నవ్వుతూ వెళ్ళిపోతాడన్నది అదనం.

కాబట్టి మోడల్ చేతికిచ్చేది కొన్ని రోజులు. ఆ రోజుల్లో ఏం చేస్తామన్నది మన బాధ్యత. 2009 స్వైన్ ఫ్లూలో మన దేశపు తొలి నిర్ధారిత కేసు, మే నెలలో, అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చిన ప్రయాణికుడిది. తొలి మరణం ఆగస్టులో, పుణెలో. ఇక్కడ తయారైన తొలి టీకా మార్కెట్లోకి వచ్చింది 2010 జూన్‌లో. ఆ ఆగస్టు 10న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి ముగిసిందని ప్రకటించింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటారు కదా, మనం ఇల్లు కాలాక తవ్వాం.

అదే 2006 మోడల్ ఇంకో మాట చెప్పింది. ఉధృతి సమయంలో బడులు మూస్తే శిఖరం 40 శాతం దాకా తగ్గొచ్చు, మొత్తం జబ్బుపడేవాళ్ళ సంఖ్య పెద్దగా తగ్గదు. "మొత్తం తగ్గనప్పుడు ఎందుకు?" అని అడిగేవాళ్ళకి మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ జవాబు ఒకటుంది. రోజంతా వచ్చే రిక్వెస్టులు అవే అయినా, అన్నీ ఒకే నిమిషంలో వస్తే సర్వర్ పడిపోతుంది. సర్వర్‌ని మళ్ళీ లేపొచ్చు. మంచం దొరక్క పోయిన మనిషిని లేపలేం.

అయితే బడి మూయడం మోడల్‌లో ఒక స్విచ్. మన ఊళ్ళల్లో అది పిల్లవాడి మధ్యాహ్న భోజనం, వాణ్ణి చూసుకోవడానికి తల్లి పోగొట్టుకునే రోజు కూలి. మనం కొనే ప్రతి రోజుకీ ధర ఉంటుంది, ఆ ధరలో ఎక్కువ భాగం చెల్లించేది ఇంటి నుంచి పనిచేసుకోగల నాలాంటివాడు కాదు. అందుకే "మూసేయండి" అని అరిచేవాళ్ళనీ నేను నమ్మను, ఆ ఇంటికి బియ్యం, డబ్బు ఎవరు చేరుస్తారో అదే ఆదేశంలో రాస్తే తప్ప.

మళ్ళీ ఫ్లూ మహమ్మారి వస్తుంది. తేదీ ఏ మోడలూ చెప్పదు, చెప్పానని కూడా అనదు. ఆ రోజు ఎవరైనా "రెండు వారాలేగా" అని పెదవి విరిస్తే, మీరు అడగాల్సింది ఒకటే: ఆ రెండు వారాల్లో ఎన్ని మంచాలు, ఎన్ని మాస్కులు, ఎంత బియ్యం?