గడ్డకట్టే ఎలక్ట్రాన్లు

నీళ్లు గడ్డకట్టి మంచు కావడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఎలక్ట్రాన్లు కూడా గడ్డకడతాయని 1934లో యూజీన్ విగ్నర్ చెప్పాడు. ఒకదాన్నొకటి నెట్టుకునే ఆ కణాలు, కదలిక సద్దుమణిగితే, ఎడంగా వరుసలు తీరి స్ఫటికమవుతాయన్నాడు. ఈ సంచికను ఆ కథకే ఇచ్చాం.

ఆ కదలికను సద్దుమణిగించడానికి ఎలక్ట్రాన్లను పలుచని పొరలో బంధించి, బాగా చల్లబరిచి, పొరకు నిలువుగా బలమైన అయస్కాంత క్షేత్రం పెడతారు. క్షేత్రం పెంచుతుంటే, విద్యుత్ ప్రవాహానికి అడ్డంగా కొలిచే హాల్ నిరోధం ఏటవాలుగా ఎక్కదు, మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. 1980లో గ్రెనోబుల్‌లో క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్ చూసిన మెట్లు ఇవే. వాటన్నిటికీ మూలమైన అంకె దాదాపు 25,812.8 ఓమ్‌లు. పదార్థంలో కాస్త మలినమున్నా, ముక్క ఆకారం మారినా ఆ అంకె చెక్కుచెదరదు. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరించే సంగతి ఇది.

1982లో సూయి, ష్టోర్మర్‌ అనే శాస్త్రవేత్తలు, ఎలక్ట్రాన్ల అట్టడుగు శక్తిస్థాయి మూడో వంతే నిండినచోట మరో మెట్టు కనుగొన్నారు. ఎలక్ట్రాన్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కటై కదిలే కొత్త ద్రవం ఆ మెట్టుకు కారణం. క్షేత్రాన్ని ఇంకా బాగా పెంచితే ఆ ద్రవమే విగ్నర్ చెప్పిన స్ఫటికానికి చోటిస్తుంది. ఉష్ణోగ్రత మార్చనక్కర్లేదు, క్షేత్రం మారితే చాలు. ఆ స్ఫటికపు త్రిభుజాల అల్లికను 2024లో ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్తలు రెండు పొరల గ్రాఫీన్‌లో నేరుగా చిత్రించారు.

ఫిజిక్స్ చెప్పే మాస్టార్లకు ఒక మనవి: ఘన, ద్రవ, వాయు పాఠం చెప్పే రోజున పిల్లలకు ఈ ఎలక్ట్రాన్ల కథ కూడా చెప్పండి.