నోరు కాదు, మైకు సర్దుకోవాలి

మా అమ్మ చేత నేనొక తప్పుడు పని చేయించాను. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి చేత "భ" ని "బ" అనిపించాను. అదీ వంద రూపాయల లోపు దొరికే ఒక స్పాంజి తొడుగు కొనడానికి బద్ధకించి.

సంగతేంటంటే, 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరద గురించి అమ్మ చాలా బాగా చెబుతుంది. అప్పుడు తను ఒక లంక ఊళ్ళో పనిచేసేది. భద్రాచలం దగ్గర నీళ్ళు 75 అడుగులు దాటాయని తెలియడం, ఆ నీళ్ళు ధవళేశ్వరం దాటి ఇటు రావడానికి ఇంక ఎంతసేపు పడుతుందోనని ఊరంతా గట్టు మీద నిలబడటం, రాత్రికి రాత్రి బడి డాబా మీదకి చేరడం, ఇదంతా చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. ఎన్నాళ్ళిలా నోటిమాటగా ఉంచుతాం, రికార్డు చేసేద్దామని యూఎస్‌బీ మైకొకటి కొన్నాను. డైనింగు టేబుల్ మీద పెట్టి, అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి, బటన్ నొక్కాను.

నలభై నిముషాలు చెప్పింది. రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను కదా, "భద్రాచలం" అన్నప్పుడల్లా ఎవరో మైకుని గుద్దినట్టు "దబ్". "ధవళేశ్వరం" దగ్గర ఇంకోటి. "భయమేసింది" దగ్గర మాట పోయి చప్పుడే మిగిలింది. మర్నాడు నేనేం చేశానంటే, "అమ్మా, మైకు తట్టుకోలేకపోతోంది, కాస్త వత్తులు తగ్గించి చెప్పు" అన్నాను.

"వత్తు పలకలేదని ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించానో తెలుసురా? ఇప్పుడు నువ్వు నాకు వత్తులొద్దంటున్నావు" అని నవ్వింది. కానీ కొడుకు అడిగాడు కదా, అలాగే చెప్పింది. బద్రాచలం. దవళేశ్వరం. బయమేసింది. రికార్డింగు శుభ్రంగా వచ్చింది. శుభ్రంగా వచ్చింది కానీ అందులో మా అమ్మ లేదు. నాలిక ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటున్న మనిషి కథేం చెబుతుంది? మొదటిరోజు లేగదూడ తలుగు విప్పి వదిలేసిన చోట కాసేపు ఆగిపోయింది. రెండోరోజు ఆ దూడే రాలేదు. కథ ఇరవై నిముషాల్లో అయిపోయింది.

అప్పుడు కూర్చుని చదివాను, ఈ చప్పుళ్ళెందుకు వస్తాయా అని. ముందే చదవాల్సింది. చదివాక నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే: ఇంట్లో మనుషుల గొంతు రికార్డు చేసేవాళ్ళు మైకు కోసం వాళ్ళ మాట మార్చకూడదు. మైకునే సర్దాలి. ఆ సర్దడానికి అయ్యే ఖర్చు కూడా దాదాపు ఏమీ లేదు.

ముందు చప్పుడు సంగతి చూద్దాం. మన నోట్లోంచి రెండు బయటికొస్తాయి. ఒకటి శబ్దం, రెండోది గాలి. శబ్దమంటే గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులు అలలా సాగిపోవడం. గాలి ఉన్నచోటే అటూ ఇటూ కదులుతుంది తప్ప, నోటి దగ్గర గాలి అవతలివాడి చెవిదాకా ప్రయాణం చెయ్యదు. ఊపిరి అలా కాదు, అది నిజంగానే ముందుకి దూసుకెళ్ళే గాలి. చెవికి ఈ రెండింటి తేడా తెలుస్తుంది. మైకులో ఉండే పల్చటి పొరకి తెలియదు, దాన్ని ఏది తోసినా కదులుతుంది. ఊపిరి దెబ్బకి ఒక్కసారి బాగా కదిలిందంటే అదే ఆ "దబ్".

ఇంగ్లీషులో ఈ విషయం మీద రాసినవన్నీ "పి", "బి" అక్షరాలతో జాగ్రత్త అంటాయి. అది వాళ్ళ నోటికి సరిపోయే సలహా. ఇంగ్లీషువాళ్ళు "పెన్" అన్నప్పుడు ఆ మొదటి అక్షరంతో పాటు ఊపిరి కూడా వదులుతారు, అది దాదాపు మన "ఫ" లాంటిదే. మన "ప" లో అంత ఊపిరి ఉండదు. కావాలంటే అరచెయ్యి నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుని "పలక" అనండి. తర్వాత బళ్ళో మాస్టారు పలికించినట్టు వత్తి "ఫలం" అనండి. అలాగే "బలం", తర్వాత "భయం". తేడా చేతికే తెలుస్తుంది. (ఈ రోజుల్లో "ఫలం" లో మొదటి అక్షరాన్ని చాలామంది "ఫ్యాను" లో లాగా పలుకుతున్నారు. అదీ గాలి అక్షరమే, కాకపోతే పేలదు, బుసకొడుతుంది.)

అంటే మనకి మైకు దగ్గర చిక్కు తెచ్చేవి ముఖ్యంగా మహాప్రాణాలు. ఖ ఘ ఛ ఝ ఠ ఢ థ ధ ఫ భ, ఈ పది. పెదాల దగ్గర పుట్టే ఫ, భ లది మరీ దెబ్బ. పేరులోనే ప్రాణముంది చూడండి, ఆ ప్రాణమే ఊపిరి. ఇవి అచ్చతెలుగు మాటల్లో రావు, సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లోనే వస్తాయని వ్యాకరణాలు చెబుతాయి. అందుకే "గోదారి గట్టు మీద చెట్టు కింద కూర్చున్నాం" అంటే మైకు నిక్షేపంగా ఉంటుంది, "భద్రాచలం" అనగానే పేలుతుంది. పద్యాలు, స్తోత్రాలు చదివే పెద్దవాళ్ళ రికార్డింగుల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఆ స్పాంజి తొడుగు ఏం చేస్తుందో చూద్దాం. రాత్రి దోమతెర కట్టుకుని పడుకుంటే ఫ్యాను గాలి సగం ఆగిపోతుంది, కానీ పక్కగదిలో మాటలన్నీ వినబడుతూనే ఉంటాయి. తొడుగు పని కూడా అంతే. ఆ ఫోములో ఒకదాన్లోంచి ఒకదాన్లోకి తెరుచుకునే సన్న సన్న గదులుంటాయి. దూసుకొచ్చిన ఊపిరి వాటిల్లో తిరిగి తిరిగి వేగం పోగొట్టుకుంటుంది. శబ్దం మాత్రం పెద్దగా తగ్గకుండా దాటిపోతుంది. స్టేజీల మీద కనిపించే గుండ్రటి తల మైకుల్లో ఆ జల్లెడ లోపల పల్చటి ఫోము పొర ముందే ఉంటుంది. కాలరుకి తగిలించే చిన్న మైకు మీద రేగిపండంత నల్లటి బంతి కూడా ఇదే. చాలామంది అది అందానికి అనుకుని తీసి పారేస్తారు. నేనూ అనుకున్నాను.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. నాకు స్నేహితులు చెప్పినవి మూడు.

ఒకటి, "మంచి మైకు కొనుక్కో". ఖరీదైన మైకుకి కూడా ఊపిరి ఊపిరే. స్టూడియోల్లో లక్షల మైకుల ముందు కూడా గుండ్రటి చట్రానికి బిగించిన వల ఒకటి నిలబెడతారు, ఎందుకనుకున్నారు? పైగా మనం కొనే మైకుల్లో చాలావాటికి ముందు నుంచి వచ్చే శబ్దమే ఎక్కువ పట్టేలా తయారీ ఉంటుంది. అలాంటి వాటికి గాలిదెబ్బ ఇంకా ఎక్కువ తగులుతుంది. నోటికి దగ్గరగా పెట్టేకొద్దీ కింది స్థాయి గరగర కూడా పెరుగుతుంది.

రెండు, "తర్వాత సాఫ్టువేరులో సరిచేసుకోవచ్చు కదా". ఈ మాట అన్నవాళ్ళు నాలాంటి సాఫ్టువేరు వాళ్ళే. కొంత నిజం. ఆడాసిటీ లాంటి ఉచిత ప్రోగ్రాముల్లో 80, 100 హెర్ట్జ్ కిందున్న శబ్దాన్ని కోసేస్తే చిన్న చిన్న దెబ్బలు చాలావరకు పోతాయి. కానీ దెబ్బ గట్టిగా తగిలి సిగ్నల్ పైకప్పుకి కొట్టుకుంటే ఆ కొద్ది క్షణంలో అసలు మాట రికార్డే కాదు. లేని డేటాని ఏ ఫిల్టరూ తీసుకురాలేదు. ఇప్పుడొచ్చిన కృత్రిమ మేధ పనిముట్లు అక్కడేముండేదో ఊహించి పూరిస్తాయి. మా అమ్మ ఏమందో తెలియనప్పుడు ఏమని ఉంటుందో యంత్రం చేత చెప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. చెడ్డ ఇన్‌పుట్‌ని గుమ్మం దగ్గరే ఆపమని ఆఫీసులో కొత్తపిల్లలకి రోజూ చెబుతాం, ఇంట్లో మర్చిపోతాం.

మూడు, "మైకు ముందు మాట్లాడటం నేర్చుకోవాలి". రేడియోలో చదివేవాళ్ళు నేర్చుకుంటారు, నిజమే. అది వాళ్ళ వృత్తి. మా అమ్మది కాదు. ఆవిడ అనౌన్సరు కావడానికి కూర్చోలేదు, తన బతుకులో ఒక రాత్రి గురించి చెప్పడానికి కూర్చుంది. నేర్చుకోవాల్సినవాణ్ణి నేను.

యంత్రానికి చేతకాలేదని మనం మారిపోవడం మనకి కొత్త కాదు. సెల్‌ఫోన్లలో తెలుగు లిపి లేని రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకున్నాం. అప్పుడు గత్యంతరం లేదు. లిపి వచ్చి ఏళ్ళు గడిచినా చాలామందిమి అలాగే కొడుతున్నాం. ఇబ్బంది పోయినా సర్దుబాటు పోలేదు. అందులో మొదట ఎగిరిపోయేవి కూడా వత్తులూ దీర్ఘాలే. మాట విషయంలోనూ అదే జరగకూడదని నా గోల.

అలాగని తొడుగు సర్వరోగ నివారిణి కాదు. ఎక్కువ ఆశ పెట్టుకుంటే మీరే తిట్టుకుంటారు, కాబట్టి అదీ చెబుతాను. ఫ్యాను గాలి మైకు మీద పడి వచ్చే గరగరని ఇది తగ్గిస్తుంది. ఫ్యాను చప్పుడుని తగ్గించదు. కుక్కరు కూతలు, వీధిలో హారన్లు అన్నీ దర్జాగా లోపలికొస్తాయి, ఎందుకంటే అవి కూడా శబ్దమే. ఖాళీ గదిలో గోడలకి తగిలి వచ్చే ప్రతిధ్వని కూడా అంతే. దానికి పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న గదిలోకి మారడమే మందు. ఆరుబయట గట్టిగాలిలో ఫోము ఒక్కటే చాలదు, దాని మీద బొచ్చు తొడుగు వేస్తారు. ఫోము మందమయ్యేకొద్దీ స, శ, ష ల పదును కొంచెం తగ్గుతుంది. నా మటుకు, ఆ తగ్గిన పదును ఆ "దబ్" కంటే వెయ్యి రెట్లు నయం.

పోతే, మైకుకి గట్టిగా రుమాలు చుట్టడం మంచి ఉపాయం కాదు, గొంతు మూసుకుపోయినట్టుంటుంది. తొడుగు దొరకకపోతే ఎంబ్రాయిడరీ చట్రానికి పాత పల్చటి నైలాన్ మేజోడు రెండు పొరలుగా బిగించి మైకుకి మూడు నాలుగు అంగుళాల ముందు నిలబెట్టండి. మైకుని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి, జానెడు దూరంలో, నోటి వైపే తిప్పి పెట్టండి. ఊపిరి సూటిగా వెళ్ళిపోతుంది, మాట అన్నివైపులకీ వెళుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. తొడుగు కొన్నాక మాసిపోతే మెల్లగా సబ్బునీళ్ళలో పిండి, పూర్తిగా ఆరాకే తొడగండి. కొన్నేళ్ళకి మన వేడికీ తేమకీ అది జిగటబారి పొడిపొడిగా రాలుతుంది. రాలేదాకా ఉంచకుండా కొత్తది కొనండి.

ఆ తర్వాత నేనూ తొడుగు కొన్నాను. మైకు పక్కకి జరిపాను, పడగ్గదిలోకి మార్చాను. "వత్తులన్నీ పెట్టుకో అమ్మా" అన్నాను. మూడోసారి కూడా పాపం విసుక్కోకుండా చెప్పింది. భద్రాచలం భద్రాచలంలా, ధవళేశ్వరం ధవళేశ్వరంలా వచ్చాయి. ఎక్కడా ఒక్క దెబ్బ లేదు. దూడ కూడా వచ్చింది, కానీ ఈసారి అక్కడ ఆగలేదు. వారంలో మూడోసారి చెబుతున్న కథలో ఎవరు మాత్రం ఆగుతారు?

అందుకని మూడు ఫైళ్ళూ దాచుకున్నాను. పిల్లలకి వినిపించేది మూడోది. నేను వినేది మొదటిదే, ఆ దెబ్బలన్నిటితో సహా. "భయమేసింది" అన్న చోట మాట వినబడదు, ఆ మాట అక్కడ ఉందని నాకు తెలుసు కాబట్టి సరిపోతుంది. మా పిల్లలకి ఆ సంగతి తెలియదు.

మీ ఇంట్లో ఇలా రికార్డు చెయ్యాల్సిన మనిషి ఉంటే బటన్ నొక్కకముందే ఆ స్పాంజి ముక్క తెచ్చిపెట్టుకోండి. తర్వాత వాళ్ళని ఎలా మాట్లాడాలనిపిస్తే అలా మాట్లాడనివ్వండి. అదండీ సంగతి.