లెక్కకు రాని నడక

లెక్కలంటే మనవాళ్ళకు భయమూ ఉన్నది, భక్తీ ఉన్నది. కూరగాయల బేరంలో రూపాయి వదలని గృహస్థు, పిల్లవాడి మార్కుల జాబితా చేతికి రాగానే అడుగున ఉన్న మొత్తం చూసి పొంగిపోవడమో, కుంగిపోవడమో చేస్తాడు గాని, ఆ మార్కులు దేనికి వేశారని మాత్రం అడగడు. అంకె తనంతట తాను ఏమీ చెప్పదు. మనం దేన్ని లెక్కపెట్టమంటే దాన్నే లెక్కపెడుతుంది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి అమెరికావాళ్ళకు తమ ముద్దుల ఆట బేస్‌బాల్‌లో నూరేళ్ళకు పైగా పట్టింది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి బేస్‌బాల్ గొడవ ఎందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు, అంటారేమో. ఈ కథలో ఆట పాలు తక్కువ, మనిషిని అంచనా కట్టడమెలాగన్న ప్రశ్న పాలు ఎక్కువ. ఆ పని మనమంతా రోజూ చేసేదే గదా!

క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ పోల్చుకోవడం కష్టం కాదు. అక్కడా బంతి విసిరేవాడు ఒకడు, బ్యాటు పట్టేవాడు ఒకడు. బ్యాటరు బంతిని కొట్టి మొదటి బేస్ చేరితే దాన్ని హిట్ అంటారు. విసిరేవాడు హద్దు తప్పిన బంతులు నాలుగు వేసి, బ్యాటరు వాటి జోలికి పోకుండా నిలబడితే, అతడు పరుగెత్తనక్కరలేదు. నడిచి మొదటి బేస్‌కు పోవచ్చు. దాని పేరే నడక. ఆట మొత్తంమీద జట్టుకు మామూలుగా ఇరవై ఏడు అవుట్లు. అవి అయిపోతే ఆటే అయిపోతుంది. అంటే జీతం రాళ్ళతో నెల గడుపుకొచ్చే సంసారం లాంటిది ఈ ఆట. అవుట్ కాకుండా ఉండడమే పొదుపు.

మరి ఈ నడకకు లెక్కలో విలువ ఎందుకు లేకపోయింది? 1859 ప్రాంతంలో ఆట వివరాలను పట్టిక వేసి పత్రికల్లో అచ్చువేసే పద్ధతిని తీర్చిదిద్దినవాడు హెన్రీ ఛాడ్విక్. ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌లోకి వచ్చాడు. క్రికెట్‌లో నడక లేదు. అది బంతి విసిరినవాడి తప్పే గాని కొట్టేవాడి గొప్పేమిటని ఆయన అభిప్రాయం. అంతే! బ్యాటింగ్ యావరేజిలో నడకకు చోటు లేకపోయింది. తరువాతి తరాలు ఆ యావరేజినే వేదంగా భావించాయి.

ఒక చిన్న లెక్క చూడండి. ఇద్దరు బ్యాటర్లు చెరి వందసార్లు బరిలోకి దిగారనుకుందాం. మొదటివాడు 28 హిట్లు, 4 నడకలు. రెండోవాడు 24 హిట్లు, 14 నడకలు. నడకలు తీసివేసి యావరేజి కడితే మొదటివాడిది సుమారు .292, రెండోవాడిది .279. మొదటివాడికి దండలు, రెండోవాడికి సానుభూతి! కాని బేస్ చేరింది ఎన్నిసార్లని అడగండి. మొదటివాడు 32, రెండోవాడు 38. జట్టుకు ఎక్కువ ఉపకారం చేసినవాడే వెనకబెంచీలో కూర్చున్నాడన్నమాట.

ఇటువంటి ప్రశ్నలు పట్టుపట్టి అడిగినవాడు కాన్సాస్ రాష్ట్రపు బిల్ జేమ్స్. చదివింది ఆంగ్ల సాహిత్యం, అర్థశాస్త్రం. చేసింది చిక్కుడుగింజల డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా. 1977లో తన లెక్కల పుస్తకం తానే వేసుకుంటే అమ్ముడైనవి 75 ప్రతులు. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గమూ ఇచ్చిన పరుగుల వర్గమూ కలిపిన మొత్తంతో భాగిస్తే జట్టు గెలిచే పాలు దాదాపుగా తేలుతుందని కనిపెట్టింది ఆయనే. ఆ పోలికను బట్టి దానికి మన స్కూలు జామెట్రీ పైథాగరస్ పేరే పెట్టారు.

ఈ లెక్కలు సంసారపక్షంగా వాడుకున్న జట్టు ఓక్లండ్ అథ్లెటిక్స్. 2001 సీజను ముగియగానే దాని మేటి ఆటగాళ్ళు జాంబీ, డేమన్, ఇస్రింగ్‌హౌసెన్ ముగ్గురూ ఎక్కువ డబ్బిచ్చే జట్లకు వెళ్ళిపోయారు. 2002లో ఓక్లండ్ ఆటగాళ్ళ జీతాలకు సుమారు నాలుగు కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీలకు పన్నెండున్నర కోట్లు. ఓక్లండ్ జనరల్ మేనేజరు బిల్లీ బీన్‌కు సహాయకుడు పాల్ డిపొడెస్టా. ఆ చలికాలంలో అతడు ఆటగాళ్ళ పేర్లు కాదు, ముందు గమ్యం చూసుకున్నాడు. 162 ఆటల్లో 95 గెలిస్తే పై పోటీలకు చేరవచ్చు. అందుకు ఇచ్చేవాటికంటే 135 పరుగులు ఎక్కువ చెయ్యాలి. జాంబీ లాంటి మరో జాంబీని కొనే స్తోమతు లేదు. కాని అతడు తెచ్చే పరుగులను పెద్దనోటు చిల్లర మార్చినట్టు నలుగురి దగ్గర పోగు చెయ్యవచ్చు గదా!

ఆ చిల్లరలో ఒకడు స్కాట్ హాటెబర్గ్. బ్యాటరు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచరు. మోచేతి నరం దెబ్బతిని, బంతి విసరడమే కష్టమైంది. విసరలేని క్యాచరు ఎవరికి కావాలి? వయసు ముప్ఫై దాటింది, ఇంటిదగ్గర భార్యాబిడ్డలు. ఓక్లండ్‌వాళ్ళు చెయ్యి చూడలేదు, ఓపిక చూశారు. చెడ్డ బంతిని వదిలిపెట్టడంలో అతడు ఘటికుడు. విసిరే పని తక్కువగా ఉండే మొదటి బేస్ దగ్గర నిలబెడతామన్నారు. అతనికి కొత్త పని. భార్య బంతులు కొట్టి దొర్లిస్తూంటే పట్టడం అభ్యాసం చేశాడట. ఆ సంవత్సరం అతని ఆన్‌బేస్ శాతం .374. సెప్టెంబరు 4న, వరసగా ఇరవయ్యో గెలుపు కోసం ఆడిన ఆటలో, 11-0 ఆధిక్యం కాస్తా 11-11 అయి ఊరంతా ఊపిరి బిగపట్టిన వేళ, చివరి ఇన్నింగ్సులో హోమ్‌రన్ కొట్టి గెలిపించినవాడు ఈ పనికిరాడన్న మనిషే!

ఓక్లండ్ ఆ యేడు 800 పరుగులు చేసి 654 ఇచ్చింది. పైథాగరస్ లెక్కన 97 గెలవాలి, 103 గెలిచింది. యాంకీలు గెలిచిందీ సరిగ్గా అంతే.

అట్లా అని అంకెలకు హారతి పట్టనక్కరలేదు. ఆ జట్టులో టెజాడా, బంతి విసిరే జీటో ఆ సంవత్సరమే లీగ్‌లో అత్యుత్తమ బహుమతులు అందుకున్నారు. వాళ్ళు లేనిదే నడకలు ఏం చేసేవి? పైగా, అయిదాటల పోటీలో మిన్నెసోటా చేతిలో 3-2తో ఓడి ఇంటికి పోయారు. నూట అరవై ఆటల్లో నిలబడే సగటు, అయిదాటల్లో అదృష్టం ముందు తల వంచుతుంది. లెక్క సీజనుకు సిద్ధం చెయ్యగలదు గాని, రేపటి ఆటకు హామీ ఇవ్వలేదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది బిల్లీ బీన్ సంగతి. 1980లో ఆయన అందగాడు, ఆజానుబాహువు. ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ మాదిరి ఆ రూపం చూసి మురిసిపోయారు. న్యూయార్క్ మెట్స్ మొదటి వరసలోనే ఎంచుకున్నది. పెద్ద జట్లలో ఆడిన 148 ఆటల్లో ఆయన యావరేజి .219. కంటికి నచ్చిన మనిషి ఆటలో నిలవలేదు. బహుశా అందుకే, కంటికి ఆనని మనుషులను వెతకడం ఆయనకు చేతనయింది.

ఇక మన సంగతి. సంబంధాలు చూసేటప్పుడూ, ఉద్యోగానికి మనిషిని ఎంచేటప్పుడూ, ఏ పిల్లవాడు పైకొస్తాడని పందెం వేసేటప్పుడూ మనం లెక్కించేవి హిట్లే. కోపం వచ్చినా మాట జారని కోడలూ, పదిసార్లు తప్పినా లెక్క మళ్ళీ మొదలుపెట్టే కుర్రవాడూ, నెలాఖరున అప్పు చెయ్యకుండా ఇల్లు దాటించే ఇల్లాలూ ఏ పట్టికలోనూ కనపడరు. చెడ్డ బంతిని వదిలిపెట్టడం కూడా ఒక పనే, అది కూడా జట్టును గెలిపిస్తుంది. ఈసారి మార్కుల జాబితా చేతికి వచ్చినప్పుడు, ఎన్ని వచ్చాయని అడిగే ముందు, వీటిలో దేన్ని లెక్కపెట్టలేదని ఒక్కమాట అడిగి చూడండి.