కొందరికి కేసుల మాఫీ, కొందరికి జన్మంతా కేసే

2020 డిసెంబరు 12 ఉదయం, కోలార్ జిల్లా నరసాపురలో ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ కర్మాగారంలో రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు జీతాల కోతపై తిరగబడ్డారు. అద్దాలు పగిలాయి, వాహనాలు తగలబడ్డాయి. పోలీసులు వందమందికి పైగా యువకులను అరెస్టు చేశారు. రూ.437 కోట్ల నష్టం జరిగిందని యాజమాన్యం ఫిర్యాదు చేసింది. తీరా తైవాన్ స్టాక్ ఎక్స్ఛేంజికి అదే కంపెనీ చెప్పుకున్న గరిష్ఠ నష్టం మన లెక్కలో సుమారు 52 కోట్లు. మదుపరుల ఎదుట నిలబడేసరికి అంకె ఎనిమిదో వంతుకు తరిగింది. కొందరు కార్మికులకు సక్రమంగా, సకాలంలో జీతాలు అందలేదని వారం తిరిగేసరికి అంగీకరించి, కంపెనీ క్షమాపణ చెప్పింది. ఒక ఉపాధ్యక్షుణ్ణి తొలగించింది. ఆ క్షమాపణ అరెస్టయిన వారి పేర్లను ఎఫ్ఐఆర్ నుంచి తీసివేయలేదు.

సరిగ్గా తొమ్మిది రోజులకు, డిసెంబరు 21న, కర్ణాటక హైకోర్టు ఒక ప్రభుత్వ ఉత్తర్వును నిలిపివేసింది. చట్టసభల సభ్యులు, మంత్రులు నిందితులుగా ఉన్నవాటితో సహా 61 కేసులను ఉపసంహరించుకోవాలని అప్పటి బీజేపీ ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టు 31న తీర్మానించింది. ప్రభుత్వం మారింది, అలవాటు మారలేదు. 2024 అక్టోబరులో కాంగ్రెస్ ప్రభుత్వం 2022 నాటి హుబ్లీ అల్లర్ల కేసుతో కలిపి 43 కేసులు ఎత్తివేయాలని నిర్ణయించింది. 2025 మే 29న హైకోర్టు ఆ ఉత్తర్వునూ కొట్టివేసింది. ఒకరిపై ఒకరు దుమ్మెత్తిపోసుకునే రెండు పార్టీలకూ ఈ ఒక్క విద్యలో పేచీ లేదు.

కేసుల ఉపసంహరణే తప్పని మేము అనడం లేదు. ప్రజా ఉద్యమాల్లో పెట్టిన కేసులు ఏళ్ల తరబడి సాగడం ఎవరికీ మేలు కాదు. ఆ అధికారం చట్టంలోనే ఉంది: నిన్నటి సీఆర్‌పీసీలో 321వ సెక్షన్, నేటి నాగరిక సురక్షా సంహితలో 360. పబ్లిక్ ప్రాసిక్యూటర్ స్వయంగా ఆలోచించి కోరాలి, న్యాయస్థానం సమ్మతించాలి. ఆచరణలో జరిగేది వేరు. అర్జీ హోంశాఖకు వెళుతుంది, మంత్రివర్గ ఉపసంఘం తలూపుతుంది, జీవో వెలువడుతుంది, ప్రాసిక్యూటర్ సంతకం పెడతాడు. ఆ అర్జీని విధానసౌధ మెట్లెక్కించే మనిషి కాంట్రాక్టు కార్మికుడికి ఎక్కడ దొరుకుతాడు? చట్టసభ్యులపై కేసులను హైకోర్టు అనుమతి లేనిదే ఎత్తివేయరాదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చిందంటే, అధికారం ఎవరి కోసం ఖర్చవుతోందో తెలుస్తూనే ఉంది.

క్షమాభిక్ష కథా అంతే. 161వ అధికరణం గవర్నరుకు ఇచ్చిన ఆ అధికారాన్ని 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎలా వాడిందో తెలుగు పాఠకులు మరచిపోయి ఉండరు. హత్య కేసులో పదేళ్ల శిక్ష పడిన కర్నూలు జిల్లా నాయకుడికి మిగిలిన శిక్ష రద్దయింది. అతడు మంచి కాంగ్రెస్ కార్యకర్త అని అధికారుల నివేదికలోనే రాసి ఉంది. ఏపూరు సుధాకర్ కేసులో 2006 అక్టోబరు 11న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేస్తూ, కులం, మతం, రాజకీయ విధేయత క్షమాభిక్షకు ప్రాతిపదికలు కావని తేల్చిచెప్పింది. శిక్ష తగ్గింపుతో దోషిత్వం పోదని కోర్టులు అంతకు ఎంతో ముందే చెప్పాయి. అయినా పలుకుబడి గలవారికి కావలసింది మచ్చ మాయడం కాదు, జైలు తలుపు తెరుచుకోవడమే.

మచ్చ మాయవలసింది నరసాపుర, వేమగల్, కేజీఎఫ్ యువకులకు. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ బంగారు గనులు మూతపడ్డాక మారికుప్పం నుంచి బెంగళూరుకు తెల్లవారుజాము రైలెక్కడమే అక్కడివారి బతుకుతెరువు అయింది. సెక్యూరిటీ గార్డు పనికైనా పోలీస్ వెరిఫికేషన్ తప్పదు. ప్రభుత్వోద్యోగ ధ్రువీకరణ పత్రం శిక్ష పడిందా అని మాత్రమే అడిగి ఊరుకోదు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా అని కూడా అడుగుతుంది. దాస్తే ఉద్యోగం పోవచ్చు. చెబితే, సంశయలాభంతో నిర్దోషిగా బయటపడిన వారిని సైతం పక్కనపెట్టే విచక్షణ యజమానికి ఉందని అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. బాలనేరస్థుల రికార్డులు తుడిచివేసే నిబంధన మన చట్టంలో ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కొందరికి అనర్హత తొలగిస్తుంది. అంతకుమించి ఇరవయ్యేళ్ల కుర్రాడు ఒక ఉదయం చేసిన తప్పు, లేదా చేయని తప్పు, కాలక్రమంలో చెల్లిపోయే మార్గమే లేదు. బ్రిటన్ 1974లోనే దానికి చట్టం చేసుకుంది.

వేలిముద్రలు నమోదు చేస్తామన్నందుకు కేజీఎఫ్ కార్మికులు 1930లో సమ్మెకు దిగారు. ఆ అవమానం ఏమిటో వారికి తెలుసు. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం అరెస్టయిన వారి కొలతలను, వేలిముద్రలను 75 ఏళ్లు భద్రపరచమంటోంది. పూర్వం శిక్షలేని వ్యక్తి నిర్దోషిగా విడుదలైతే, న్యాయస్థానం కారణాలు రాసి ఉంచమంటే తప్ప, వాటిని నాశనం చేయాలనీ అదే చట్టం చెబుతోంది. 1920 నాటి పాత చట్టమూ ఆ మాటే అన్నది.

పగలగొట్టినవారిని విచారించవద్దని ఎవరూ కోరరు. విచారణ త్వరగా ముగించి, నేరం రుజువు కాని వారిని పూర్తిగా విడిచిపెట్టమనే మేము అడుగుతున్నాము. కోలార్ జిల్లాకు ఇద్దరు పోలీసు సూపరింటెండెంట్లు ఉన్నారు, కోలార్‌లో ఒకరు, కేజీఎఫ్‌లో ఒకరు. గత అయిదేళ్లలో నిర్దోషులుగా తేలిన ఎందరి వేలిముద్రలను, ఫొటోలను తమ రికార్డుల నుంచి తొలగించారో వారిద్దరూ ఠాణాల వారీగా ప్రకటించాలి. ఇకమీదట ఏ కేసు ఉపసంహరణకైనా ఎవరు అర్జీ పెట్టారో, ఏ కారణం చూపారో, ప్రాసిక్యూటర్ ఏమన్నారో మంత్రివర్గం ముందుకు వెళ్లకముందే హోంశాఖ బహిరంగపరచాలి.